ఫ్రేములోకి రాని గంటలు

మా చెల్లెలి కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. గత డిసెంబరులో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఒక్కరోజు కోసం హైదరాబాదు వస్తున్నానని, ఒక ప్రణాళిక రాసి నాకు పంపింది. వచ్చేది చుట్టాలను చూడటానికి కాదు, ఫొటోలు దిగడానికి. "పెద్దమ్మా, నీకు ఆ దారులు తెలుసు కదా, టైములు సరిపోతాయో లేదో ఒకసారి చూడు" అంది.

తెల్లవారకముందే శంషాబాద్‌లో విమానం దిగడం. ఆరున్నరకి, జనం రాకముందు, చార్మినార్. ఇరానీ చాయ్ కప్పులతో కొన్ని ఫొటోలు. పదింటికి చౌమహల్లా ప్యాలెస్ (శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించారు). మధ్యాహ్నం లాడ్ బజారులో గాజులు. నాలుగున్నరకి మళ్లీ శంషాబాద్ వైపు, అమ్మపల్లి రాముడి గుడి, కోనేరు, సాయంత్రపు ఎండ. రాత్రికి తిరుగు విమానం. ప్రతి గంట పక్కనా ఏ చీర, ఏ లెహంగా, ఎవరు ఎవరిని తీయాలి అన్న వివరాలు. చివర రెండు మూడు సూచనలు.

మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగింది చిరాకే. నాలుగు వందల ఏళ్లు దాటిన నగరం వీళ్లకి ఒక పరదాగా మిగిలిందన్నమాట! 1591 నాటి కట్టడం లెహంగా రంగుకి నప్పితే చాలన్నమాట! స్త్రీలు తమను తాము చూసుకోవడం కూడా పురుషుడి కళ్లతోనే నేర్చుకున్నారని జాన్ బెర్జర్ 1972లో చెప్పింది, సినిమా తెర మీద పురుషుడి చూపు గురించి లారా మల్వీ 1975లో రాసింది, మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ సిద్ధాంతాన్ని ఈ కాగితం మీద పరిస్తే అచ్చంగా సరిపోతుంది. వ్యాసం అక్కడితో అయిపోయేది కూడా.

కానీ విమర్శకురాలిగా ఇన్నేళ్లుగా నేర్చుకున్న పాఠం ఒకటుంది. రచన మనకి ముందే తెలిసిన సిద్ధాంతానికి మరీ తేలిగ్గా లొంగిపోతే, మనం దాన్ని సరిగ్గా చదవలేదని అర్థం. అందుకని రెండోసారి చదివాను.

ఈసారి నా కంటపడింది బట్టల వివరాలు కాదు, గంటలు. ఉదయం ఆరున్నరకి చార్మినార్ దగ్గర నలుగురు ఆడపిల్లలు, ఏ మగతోడూ లేకుండా! నా ఇరవైలలో ఆ వేళకి ఆ చోట ఒంటరిగా నిలబడాలంటే ఒక కారణం కావాలి. ఆస్పత్రో, పరీక్షో, బస్సో. ఊరికే నిలబడటానికి, ఊరికే చూడటానికి మాకు హక్కు ఉందన్న ఊహే లేదు. ముంబై నగరం మీద పరిశోధన చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' రాసినప్పుడు ఈ విషయాన్నే తేల్చి చెప్పారు. బహిరంగ స్థలంలో స్త్రీ తనకో పని ఉందని నిరంతరం రుజువు చేసుకుంటూ ఉండాలి. పని లేకుండా తిరగగలగడమే అసలైన పౌరసత్వం.

మన ఆడవాళ్లకి ఇలాంటి సాకులు కొత్త కాదు. బిందె చంకన పెట్టుకుంటే చెరువు దాకా వెళ్లొచ్చు. తంగేడు పూలు పేర్చిన బతుకమ్మను తలకెత్తుకుంటే చీకటి పడ్డాక కూడా నీటి గట్టున పాడుతూ ఉండొచ్చు. జాతర, నోము, పేరంటం అన్నీ గడప దాటడానికి దొరికిన అనుమతి పత్రాలే. ఈ పిల్లల చేతిలో సెల్‌ఫోను కెమెరా కూడా అలాంటి బిందే అనిపించింది. "ఇక్కడేం చేస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే, "ఫొటోలు తీసుకుంటున్నాం" అన్న జవాబు సిద్ధంగా ఉంది.

అయితే బిందె మొయ్యాల్సిందే కదా. సాకు ఇచ్చిన వస్తువు తన బరువు కూడా మోపుతుంది. ఆ రోజంతా వాళ్లు మూడుసార్లు చీరలు మార్చుకోవాలి, అందంగా కనిపించాలి, అలసట కనిపించకూడదు. బట్టలు ఎక్కడ మార్చుకోవాలి, మరుగుదొడ్డి ఎక్కడుంది అన్న ప్రశ్నలకి ఆ కాగితంలో చోటే లేదు.

ఈ నగరంలో స్త్రీకీ కెమెరాకీ ఉన్న సంబంధం ఇన్‌స్టాగ్రామ్‌తో మొదలవ్వలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ ఒక జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసమే. దాన్ని నడిపింది మిసెస్ కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఎత్తైన గోడలు, మగవాళ్లకి ప్రవేశం లేదు, సహాయకులు కూడా స్త్రీలే. ఆ వర్ణనలో పేరున్నది దొరసానికి ఒక్కర్తెకే. పక్కన పనిచేసిన ఆడవాళ్లు కేవలం 'స్థానిక స్త్రీలు'. ఆ గోడల లోపలికి వెళ్లగలిగింది కూడా సంపన్న కుటుంబాల స్త్రీలే. ఇన్ని పరిమితులున్నా ఆ గదిలో ఒక గొప్ప ప్రశ్న ఉంది. నా ముఖాన్ని ఎవరు తీయాలి, ఆ బొమ్మ ఎవరి కంట పడాలి? ఆనాడు దానికి జవాబు గోడ. ఆ గోడ కట్టింది ఆమె కోసమా, ఆమె కుటుంబ పరువు కోసమా అన్నది వేరే సంగతి.

గోడ పోయింది. ప్రశ్న మాత్రం మిగిలింది.

మా అమ్మాయి కాగితం పక్కన మరో ప్రణాళిక పెట్టి చూడాలనిపించింది. అది ప్రభుత్వం రాసింది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగాయి. వందమందికి పైగా పోటీదారులు ఇదే శంషాబాద్‌లో దిగారు, బొట్టుతో, నృత్యాలతో స్వాగతం అందుకున్నారు. మే 13న వారిని చార్మినార్ దగ్గర వారసత్వ నడకకి తీసుకెళ్లారు. తర్వాత లాడ్ బజారులో గాజులు, చౌమహల్లాలో విందు. దాదాపు మా అమ్మాయి రాసుకున్న వరసే! కాకపోతే ఇక్కడ ప్రణాళిక రాసిన చేతులు వేరు, ఫొటోల్లో ఉన్న ముఖాలు వేరు. 'తెలంగాణ జరూర్ ఆనా' అన్న పర్యాటక ప్రకటనకి ఆ ముఖాలు ముడిసరుకు. 1996లో బెంగుళూరులో ఇవే పోటీలు జరిగినప్పుడు మనం లేవనెత్తిన ప్రశ్నలు ఇప్పటికీ పాతబడలేదు.

మర్నాడు, మే 14న, రామప్ప గుడి దగ్గర ఇంకో దృశ్యం కెమెరాకి చిక్కింది. కూర్చున్న అతిథుల పాదాల మీద స్థానిక స్త్రీలు నీళ్లు పోసి, తువ్వాళ్లతో తుడుస్తున్నారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం అతిథి మర్యాదగా అనుకున్న బొమ్మను జనం అవమానంగా చదివారు. ఆ ఒక్క ఫ్రేములో రెండు రకాల స్త్రీలున్నారు. చూడబడటానికి వచ్చినవాళ్లు, ఆ చూపుకి వెనక పనిచేయడానికి వచ్చినవాళ్లు. మామూలుగా రెండోవాళ్లు ఫ్రేము అంచు బయట ఉంటారు. లాడ్ బజారు లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ కొలిమి దగ్గర లక్క కరిగించి, వేడి మీదే చుట్టి, రాళ్లు అద్దే చేతులు ఏ అమ్మాయి గాజుల ఫొటోలోనూ ఉండవు. మా అమ్మాయి కాగితంలోనూ లేవు. అది నేను మన్నించలేని లోపం, ఆమెకి చెప్పాను కూడా.

ఇక ఆ రోజు చివరి మజిలీ. అమ్మపల్లి గుడి ఎత్తైన గోపురం, కొబ్బరి చెట్లు, మెట్ల కోనేరు ఎన్నో సినిమాల్లో మనం చూసినవే. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకి ఇప్పుడది మొక్కుబడి లాంటిది. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల పొలాలు ఫంక్షన్ హాళ్లయ్యాయి, రిసార్టులయ్యాయి, ఫొటోల కోసం సెట్లు వేసి గంటల లెక్కన అద్దెకిచ్చే చోట్లయ్యాయి. ఫొటోగ్రాఫర్లు ఇక్కడ సాయంత్రం అయిదు గంటల వెలుతురుని బంగారం అంటారు.

ఆ వెలుతురు పోయాక ఏమిటి? శంషాబాద్ పేరు వింటే మనలో ఎవరికైనా గుర్తొచ్చేది విమానాలు కావు. 2019 నవంబరు 27 రాత్రి, టోల్‌గేటు దగ్గర స్కూటరు ఆపుకున్న ఒక యువ పశువైద్యురాలు. ఆమెపై అత్యాచారం, హత్య. డిసెంబరు 6న నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వీధుల్లో పూలు చల్లారు. అది ఎదురుకాల్పులు కాదని, కావాలని చంపడానికే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపడింది. ఆ గోలలో మనం పెద్దగా మాట్లాడని విషయం ఆమె ఫొటో. బాధితురాలి గుర్తింపు బయటపెట్టకూడదని చట్టం చెబుతున్నా, కొన్ని గంటల్లో ఆమె పేరూ ముఖమూ లక్షల ఫోన్లలోకి వెళ్లిపోయాయి. సానుభూతితోనే పంపారు. కానీ ఆమెను ఎవరు అడిగారు? ఎవరో ఒక మంచి రోజున, నవ్వుతూ దిగిన ఫొటో అది. చావు తర్వాత అది అందరి సొత్తయింది.

2021లో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలు వాళ్ల ఖాతాల నుంచే ఎత్తుకెళ్లి 'వేలం' పెట్టారు. వాళ్లలో రచయిత్రులు, పాత్రికేయులు, ఉద్యమకారులు ఉన్నారు. అప్పుడూ మనలో కొందరు అన్న మాట, "ఫొటోలు పెట్టడం ఎందుకు?" అని. జనానా గోడని మళ్లీ కట్టమనడమే అది. ఆరున్నరకి చార్మినార్ దగ్గర ఎందుకున్నావు, రాత్రి తొమ్మిదింటికి టోల్‌గేటు దగ్గర ఎందుకున్నావు, ఫొటో ఎందుకు పెట్టావు... ఈ మూడూ ఒకటే ప్రశ్న. గంట మీద, చోటు మీద, బొమ్మ మీద స్త్రీకి అధికారం లేదనే ప్రశ్న.

అందుకే మా అమ్మాయి ప్రణాళికని నేను ఇప్పుడు మార్కెట్ రచనగా మాత్రమే చదవలేను. దాంట్లో మార్కెట్ ఉంది, నిజమే. ప్రభుత్వ ప్రణాళికలో లేని ఇంకొకటి కూడా ఉంది. అది మొదటిసారి చదివినప్పుడు నేను దాటేసిన చివరి సూచనల్లో దొరికింది.

"అమ్మపల్లి నుంచి 6.15కి కదలాలి, ఎంత మంచి లైటున్నా సరే. ఎవరి ఫొటో వాళ్లు ఓకే అంటేనే పెట్టాలి. అక్కడ ఉండగా ఏదీ పోస్టు చేయొద్దు. నలుగురం ఇళ్లకు చేరాకే."

ఈ మూడు వాక్యాలు రాయడానికి ఆ పిల్లలకి బెర్జర్ అక్కర్లేకపోయింది. మొదటి వాక్యంలో భయం ఉంది. రెండోదాంట్లో అనుమతి ఉంది. మూడోదాంట్లో ఒకరి బాధ్యత ఒకరు తీసుకోవడం ఉంది. అనుమతి, బాధ్యత మనం ఇన్నేళ్లుగా కోరుకున్నవే. ఆ మొదటి వాక్యం మాత్రం వాళ్లు రాసుకోవలసింది కాదు. దాన్ని రాయించింది ఈ నగరం.

నేను టైములన్నీ సరిపోయాయనే చెప్పాను. ఆ 6.15 దగ్గర మాత్రం కాసేపు ఆగి, ఏమీ మార్చలేక, అలాగే వదిలేశాను.