బీపీ సపోర్టు

ముత్తుకూరు వైపు తెలిసిన పెద్దాయన ఐసీయూలో ఉన్నాడని ఈ వారం ఫోనొచ్చింది. "బీపీ సపోర్టు మీద పెట్టారంట అబ్బయా, ఇంక ఆశ లేదు" అన్నారు. ఆ చివరి మాటకే నాకు కోపమొచ్చింది.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనాకు ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం కృష్ణపట్నం దారులు జనంతో నిండిపోయాయి. ఆక్సిజన్ పడిపోయినవాళ్లు కంట్లో చుక్కలు పడగానే లేచి కూర్చుంటున్నారని వీడియోలు ఊరూరా తిరిగాయి. మే 31న ప్రభుత్వం మిగతా మందుకు అనుమతిచ్చి, కంటి చుక్కలకు ఇవ్వలేదు. బెడ్డు దొరక్క అంబులెన్సుల్లో అక్కడికి చేరినవాళ్లను నేను అప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. నిమిషాల్లో లేపే మందును నమ్మొద్దని మాత్రం ఇక్కడ చాలాసార్లు రాశాను.

మరి బీపీ సపోర్టుగా ఎక్కించే నోర్‌అడ్రినలిన్ సంగతేమిటి? అదీ నిమిషాల్లోనే బీపీని లేపుతుంది. ఆపితే నిమిషాల్లోనే దాని బలం పోతుంది. అయినా దాన్ని నమ్మాల్సిందే. ఎందుకంటే అది జబ్బు నయం చేస్తుందని ఏ డాక్టరూ చెప్పడు. చెరువు పనిలో కాలికి తగిలిన గాయం ముదిరి సెప్సిస్ అయిందనుకోండి. రక్తనాళాలు వదులైపోతాయి, సెలైన్ ఎక్కించినా బీపీ నిలవదు. ఈ మందు నాళాలను బిగించి, సగటు రక్తపోటును 65 దగ్గర నిలబెట్టి, మెదడుకూ కిడ్నీలకూ రక్తం అందేలా చూస్తుంది. ఆ వ్యవధిలో యాంటీబయాటిక్ పనిచేయాలి, చీము తీయాలి. గుండెపోటుతో గుండే నీరసిస్తే దాని కొట్టుకునే బలం పెంచడానికి డోబుటమిన్ వాడతారు. పైపు వదులైనప్పుడు ఒక మందు, మోటారు నీరసించినప్పుడు ఇంకోటి.

ఇందులో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించేది రాత్రి డ్యూటీ నర్సును. ఈ మందు ఎక్కించే పంపులో సిరంజి మార్చేటప్పుడు కాస్త జాప్యమైనా బీపీ జారిపోతుంది. చేతి నరం నుంచి మందు బయటికి కారితే అక్కడి చర్మం చచ్చిపోతుంది. అందుకే ఆమె చూపు మానిటర్ మీదా, పేషెంటు చేతి మీదా ఉంటుంది. ఆ కాపలా లేకపోతే మందు ఉండీ ప్రయోజనం లేదు.

ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు డాక్టర్ని రెండు సంగతులు అడగండి. బీపీ ఎందుకు పడింది? సపోర్టు డోసు నిన్నటికంటే పెరిగిందా, తగ్గిందా? డోసు తగ్గించినా బీపీ నిలబడుతుంటే అది మంచి కబురే.