వ్రేలితో వ్రాయు చీనా లిపి

వ్యాపారకార్యముపై గ్వాంగ్‌జౌ పోవలసియున్న మా మేనల్లుడు చీనా భాష నేర్వ సంకల్పించి, ఫోనునిండ యాప్‌లు నింపుకొని, “ఇందులో ఏది ఉంచమంటావు మామయ్యా?” యని ఈ వారము నాయొద్దకు వచ్చెను. బొమ్మను తాకినంతనే నక్షత్రములు రాల్చి, ఏమియు నేర్వనివానిని సైతము శభాషని మెచ్చు యాప్ యొకటి అందు కానవచ్చి నాకు ఒళ్లుమండెను.

కాగితపు నిఘంటువుపై నాకుగల పక్షపాతము ఈ శీర్షికను విడువక చదువువారికి క్రొత్త కాదు. కాంగ్‌షీ చక్రవర్తి యాజ్ఞచే 1716లో వెలువడిన మహానిఘంటువు 47 వేలకు పైబడిన సంకేతములను 214 మూలాంగముల (అక్షరములను వర్గీకరించు భాగముల) క్రింద కూర్చినది. అకారాదిక్రమము లేని యా లిపిలో తల్లి యను నర్థముగల ‘మా’ కావలెనన్నచో, ఎడమనున్న స్త్రీ యను మూలాంగమును పట్టుకొని, ఆ ప్రకరణమునకు పోయి, కుడివైపునున్న ‘గుర్రము’ గుర్తులో పది గీతలున్నవని లెక్కించి, పది గీతల వరుసలో వెదకవలయును. ఒక్క గీత తప్పితిమా, అరగంట అన్యవీథులలో తిరుగాడవలసినదే! (1950లలోని లిపిసంస్కరణతో ఆ పదియు మూడైనవి, వెదకువాని కది మేలే.) అయినను, స్త్రీ అర్థమును, గుర్రము ధ్వనిని సూచించుచున్నవని ఆ శ్రమలోనే తెలిసిపోవును.

ఇంత శ్రమయు గీతలను లెక్కింపించినదే కాని వ్రాయింపలేదని వాని ఫోను చూచుచుండగా నాకు తోచినది. అందున్న ప్లెకో యను నిఘంటువు యాప్‌లో తెరపై వ్రేలితో అక్షరము గీసినచో అది గుర్తుపట్టి అర్థము చూపును. చెరుపు చేయునది పిన్‌యిన్ కీబోర్డు. 1958లో ఆమోదింపబడిన ఆ రోమను లిపిలో ‘మా’ యని కొట్టగానే తల్లి, గుర్రము, జనపనార, తిట్టు వరుసగా నిలుచును, ఏరుకొనుటయే పని. అందుచేతనే చీనావారు సైతము కలము పట్టగానే అక్షరము మరచుచున్నారు. 2013లో వారి టెలివిజను నడపిన అక్షరలేఖనపు పోటీలో గోదురుకప్ప పేరు వ్రాయలేక పెద్దలనేకులు తడబడిరి.

కావున ప్లెకోను, మరచుటకు ముందే పాఠమును మరల చూపు ఆంకి యను యాప్‌ను ఉంచి, తక్కినవి తీసివేయుమంటిని. నేర్వదలచిన పాఠకులారా, పిన్‌యిన్ కీబోర్డును నేడే ఆపి, చేతివ్రాత కీబోర్డు పెట్టుకొనుడు.