కిరాయోళ్లం

పోయిన సోమవారం ఇంకా చాయ తాగకముందే ఫోన్ టింగుమన్నది. మా మేనకోడలు పద్నాలుగు ఫొటోలు, ఒక వీడియో పంపింది. తెల్లటి గోడలు, స్టీలు రెయిలింగు, హాలు కప్పుకు గులాబీ రంగు లైట్లు. కింద ఒకే వాక్యం: "మామా, కోరుట్లల ఇల్లు దొరికింది, అడ్వాన్స్ గూడ కొట్టేసిన."

కొట్టేసిందట. గడప తొక్కలేదు, గోడ తట్టలేదు, నల్లా తిప్పలేదు. ఖమ్మంలో కూర్చొని రెండు నెలల కిరాయి ఫోన్ మీద పంపేసింది. కోరుట్ల పశువైద్య కళాశాలలో కాంట్రాక్టు కొలువు, పది రోజుల్లో చేరాలి, ఇంట్లో నాలుగేళ్ల పిల్ల. తొందర ఉంటుంది, కాదనను. కానీ కరీంనగర్‌లో మేనమామ బతికి ఉండగా ఇల్లు చూడకుండా పైసలు పంపుతారా? ఆ రోజు నాకు చాయ రుచించలేదు.

ఈ కాలమ్ వెంట వస్తున్నవాళ్లకు నా నల్లా పిచ్చి కొత్తది కాదు. ముప్పై అయిదేళ్లలో పదకొండు ఇండ్లు మారాను. ఇల్లు చూపించేవాళ్లు ముందు హాలు చూపిస్తారు. నేను నేరుగా వంటింట్లోకి పోయి నల్లా తిప్పుతాను. ధార ఎంత లావుంది, బోరు నీళ్లా మిషన్ భగీరథ నీళ్లా, నల్లా మూతికి తెల్లటి పొక్కు కట్టిందా? అది కట్టిందంటే ఆ ఇంట్లో పప్పు తొందరగా ఉడకదు, గీజరు ఎక్కువ కాలం బతకదు. పై అంతస్తయితే మిట్టమధ్యాహ్నమే చూడాలి. మన స్లాబులు మే నెలలో ఎంత కాగుతాయో పొద్దున పూట పోతే తెలియదు. సబ్‌మీటరు ఉంటే దిగిన రోజే రీడింగు రాసి పెట్టుకోవాలి. వీధి మలుపులో కిరాణా కొట్టుంటే పావుకిలో చక్కెర కొని, ఇంతకుముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారని అడగాలి. ఓనరు చెప్పని సంగతి చక్కెరతోపాటు పొట్లం కట్టి ఇస్తారు. ఆషాఢంలో వెతకాలి, శ్రావణంలో దిగాలి. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కనక ఓనరు గొంతు కాస్త మెత్తబడి ఉంటుంది. ఇదంతా ఒకప్పుడు రాస్తే జమ్మికుంట పాఠకుడొకరు "మీరు రచయితా, ప్లంబరా?" అని కార్డు రాశారు. ఆ కార్డు దాచుకున్నాను.

వీటన్నిటికన్నా పైన నాకొక సూత్రం ఉంది. బోర్డు చూసి పోవద్దు, మనిషిని పట్టుకొని పోవాలి. తెలిసినవాళ్ల నోటి మాట ఉంటే ఇల్లు దొరుకుతుంది, కిరాయి తగ్గుతుంది, నల్లా కూడా లావుగా వస్తుంది. ఇన్నేళ్లూ ఇదే చెప్పాను.

మా వైపు చదువంటే ఊరు విడవడమే. హనుమాజీపేటలో పుట్టిన కవి సినారె సిరిసిల్లకు, కరీంనగర్‌కు, చివరికి హైదరాబాద్‌కు చదువు వెంట పోయినవాడే. ఇప్పుడు లెక్క కొంచెం తిరగబడింది. కాలేజీలే మన ఊళ్లకు వచ్చాయి. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఉండనే ఉన్నాయి, 2022 నవంబరులో మెడికల్ కాలేజీ తోడయింది. సిరిసిల్లకు ఇంజనీరింగ్ కాలేజీ, జిల్లెల్లలో వ్యవసాయ కళాశాల, 2023లో మెడికల్ కాలేజీ. మెడికల్ కాలేజీలకు ముందే 2016 అక్టోబరు 11న రెండు ఊళ్లూ జిల్లా కేంద్రాలై కలెక్టరేట్లు, ఎస్పీ ఆఫీసులు వచ్చి కూర్చున్నాయి. పిల్లలకు హాస్టలు కడతారు. పాఠం చెప్పేవాళ్లు, నర్సులు, ల్యాబు పనివాళ్లు, ఆఫీసు గుమాస్తాలు మాత్రం వీధుల్లో తలెత్తి టులెట్ బోర్డులు చదువుకుంటూ తిరగాల్సిందే.

కోరుట్ల కథ వేరు. అక్కడ ఇండ్లకు కరువు లేదు, ఇంట్లో ఉండే మనుషులకు కరువు. దుబాయి, సౌదీ, మస్కట్ పైసలతో కట్టిన రెండంతస్తులు వీధి వీధికీ ఉన్నాయి. కట్టినవాడు అక్కడ లేబర్ క్యాంపులో ఒక అర్రలో పది మందితో పడుకొని ఇక్కడ ఇరవై అడుగుల హాలు కట్టించుకుంటాడు. ఆ హాల్లో వాడు పడుకునేది రెండేళ్లకోసారి వచ్చే సెలవులో. కింద తల్లి ఉంటుంది, పైన కిరాయికి ఇస్తారు. బేరం వాట్సాప్‌లో. దుబాయి మనకన్నా గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. మనం అన్నం తిని పడుకునే వేళకు ఓనరు డ్యూటీ దిగి ఫోన్ ఎత్తుతాడు. మా పిల్ల తీసుకున్న ఇలాంటి ఇంటికి చక్కెర పొట్లం సూత్రం పనికిరాదేమోనని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

రాలేదు. ఎందుకంటే ఇల్లు అనగానే నాకు సిరిసిల్లలో నేనున్న అర్ర గుర్తొస్తుంది. ఆ అర్ర గురించి ఈ కాలమ్‌లో మూడుసార్లు రాశాను, నాలుగోసారికి క్షమించండి. 1985లో ఇంటర్ కోసం ముస్తాబాద్ వైపు పల్లె నుంచి వచ్చాను. మా నాయనకు తెలిసిన బట్టల దుకాణం సేటు నా చెయ్యి పట్టుకొని తీసుకపోయి, "మనోళ్ల పిలగాడే" అన్నాడు. అరగంటలో ఇల్లు కుదిరింది. నెలకు నలభై రూపాయలు. ముందు హాల్లో నాలుగు సాంచెలు (మరమగ్గాలు), వెనక ఇంటివాళ్లు, ఆ వెనక గూనపెంకల కింద నా అర్ర. సాంచెలు నడుస్తుంటే నేల మీద పెట్టిన పుస్తకం దానంతటదే జరుగుతుండేది. మొదటి వారం నిద్ర లేదు, రెండో వారం నుంచి ఆ చప్పుడు లేకుంటే నిద్ర లేదు. ఇంటి అవ్వ కండెలు చుడుతూ నా చదువు మీద ఒక చెవి వేసి ఉంచేది. కరెంటు పోయిందంటే, "సాంచె ఆగింది, ఇగ సదువుకో బిడ్డా" అని కేకేసేది. నాకు చదువు దొరికిన గంట వాళ్లకు కూలి పోయిన గంట అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. పండుగకు పిండివంటలు పంపేది. జరమొస్తే జావ కాచింది. నోటి మాట మీద దొరికిన ఇల్లంటే అదీ అని ఎన్ని సభల్లో చెప్పానో లెక్క లేదు.

గురువారం పొద్దున బస్సెక్కి జగిత్యాల మీదుగా కోరుట్లలో దిగాను. మేనకోడలు, అల్లుడు, పిల్ల అప్పటికే వచ్చి ఉన్నారు. నేను దండిగా కోపం మూటగట్టుకొని పోయాను. నల్లా తిప్పాను. సన్నటి ధార, మూతికి తెల్లటి పొక్కు. భగీరథ నీళ్లు రోజు విడిచి రోజట. "చూసినవా?" అన్నట్టు ఆమె వైపు చూశాను. బాండు పేపరు తీయించి చదివాను. మామూలు పదకొండు నెలల కాగితమే. ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉండడంతో దేశంలో చాలా చోట్ల పదకొండు నెలలకే రాసుకోవడం అలవాటైంది. అడ్వాన్సు రెండు నెలలకు మించలేదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇండ్లకు చెప్పే గరిష్ఠం కూడా అదే, రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అనుకోండి. అంటే కాగితం పని పిల్ల బాగానే చేసింది. నాకు ఇంకా మండింది.

"నల్లా తిప్పకుండ పైసలెట్ల పంపినవ్ బిడ్డా?" అన్నాను.

"మామా, ఖమ్మంల ఏడిండ్లు చూసినం," అన్నది. "నల్లాదాంక ఎవరు రానిచ్చిన్రు? గడపల్నే అడుగుతరు, మీరేమోళ్లని."

అల్లుడు పిల్లను ఎత్తుకొని బాల్కనీలోకి పోయాడు. ఆమెది ప్రేమ పెండ్లి, అతను దళితుడు. అప్పట్లో మా ఇంట్లో జరిగిన రభస ఈ కాలమ్‌కు ఎక్కలేదు, ఎక్కించే ధైర్యం నాకు లేకపోయింది.

"గందుకే ఈసారి ముందుగాల పైసలు పంపిన. పైసలు ముట్టినంక అడుగుడు కష్టం మామా. రశీదు ఫోన్ల ఉంది."

అంతలో కింది నుంచి ఓనరు తల్లి మెట్లెక్కి వచ్చింది. ఒడిలో తునికాకు ముక్కలు దులుపుకుంటూ కూర్చొని, అందరినీ ఒకసారి చూసి, అడగనే అడిగింది: "మీరేమోళ్లు బిడ్డా?"

"కిరాయోళ్లం అవ్వా," అన్నది మా పిల్ల.

ముసలామె ఒక క్షణం ఆగి నవ్వింది. "సరే తియ్. కొడుకు పైసలు తీసుకున్నడట గదా, నాకెందుకు," అని బీడీల చాట ముందుకు లాక్కున్నది.

తిరుగు బస్సులో ఆ అర్ర కథ నాలుగోసారి గుర్తొచ్చింది, ఈసారి నేను ఎప్పుడూ రాయని సగం. మా క్లాసులో ఒక దోస్తు ఉండేవాడు, మాదిగ కుటుంబం. నాకు అరగంటలో ఇల్లు దొరికిన ఊళ్లో అతను తొమ్మిది రోజులు తిరిగాడు. అతని నాయనకు తెలిసిన సేట్లు ఎవరూ లేరు, ఉన్నా "మనోళ్ల పిలగాడే" అనేవాళ్లు కారు. బస్టాండులో పడుకుంటున్నాడని తెలిసి నా అర్రకు తెచ్చుకున్నాను. రెండు నెలలు ఒకే చాప, ఒకే స్టవ్వు. తర్వాత ఎవరో ఇంటివాళ్ల చెవిన వేశారు. జావ కాచిన ఆ అవ్వే అర్ర ముందు నిలబడి, నా మొహం చూడకుండా, "నువ్వుండు బిడ్డా, ఆ పిలగాన్ని పంపు," అన్నది.

నేనున్నాను. అతను పోయాడు. అప్పటి నుంచి పరీక్షల దాకా ఊరి నుంచే సైకిల్ మీద వచ్చి పోయాడు. వానాకాలం ఒకటి రెండుసార్లు తడిసిన బట్టలతో క్లాసులో కూర్చుంటే నేను వేరే బెంచీలో కూర్చున్నాను. ఆ అవ్వ మంచిది కాదని ఇప్పుడు చెప్పబోవడం లేదు. నాకు పెట్టిన పిండివంటలు నిజమే. కానీ నాకు ఇల్లు ఇచ్చింది ఆమె ఒక్కతే కాదు, సేటు నోటి మాట కూడా. ఆ మాటకు నాలాంటివాళ్ల కోసం తలుపు తీయడం ఎంత తెలుసో, అతనిలాంటివాళ్ల కోసం వేయడం కూడా అంతే తెలుసు. దాన్ని నేను పనితనమని, సూత్రమని ముప్పై అయిదేళ్లు రాసుకొచ్చాను. కిరాణా కొట్టులో పావుకిలో చక్కెర కొని నేను ఇంటి గురించి అడిగినట్టే, ఓనరు కూడా అదే కొట్టులో మన గురించి అడుగుతాడు. అడిగేది మన ఉప్పు బాకీ గురించి కాదు.

ఫొటోలు చూసి ఇల్లు తీసుకోవడం మీద నా ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను. ఫొటోలో నల్లా ధార కనపడదు, నిజమే. ఫోన్‌లో పంపిన పైసల మీద కులం కూడా కనపడదు. రెండింట్లో మా పిల్లకు ఏది కావాలో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఇక ఊళ్లలో తెలిసినవాళ్లు లేక నన్ను మాట సాయం అడిగే పాఠకులున్నారు, అడగండి, మాట చెప్తాను. కాకపోతే "మనోళ్లే" అని మాత్రం చెప్పను.

శ్రావణం మొదటి శుక్రవారం పాలు పొంగిస్తారు. నల్లా సన్నగానే వస్తున్నదట, ఓనరు దుబాయి నుంచి కొత్త మోటరుకు పైసలు పంపుతానన్నాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇల్లు కిరాయికి ఇచ్చే పాఠకులకు ఒక మనవి. టులెట్ బోర్డు మీద ఫోన్ నంబరు ఒక్కటే రాయకండి. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్లు ఏ రోజు వస్తాయి, ఈ మూడూ రాయండి. వచ్చినవాళ్లను లోపలికి రానిచ్చి ముందు నల్లా తిప్పనివ్వండి.