అద్దం వెనకాల శిల్పం
బట్టల షాపు బొమ్మకు సూటు చక్కగా కుదిరిందంటే ఆ గొప్పలో సగం దర్జీది, సగం బొమ్మను మలిచిన శిల్పిది.

మొదట బంకమట్టితో నిలువెత్తు రూపం చేస్తారు. దాని మీద ప్లాస్టర్ అచ్చు తీసి, లోపల ఫైబర్‌గ్లాస్ పరిచి రెజిన్ పూస్తారు. గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది రంగులేస్తారు. అసలు పనితనమంతా కీళ్ల దగ్గరే. చేతులు ఊడిరాకపోతే చొక్కా తొడగలేం. కాలు విడిరాకపోతే ప్యాంటు ఎక్కదు. మళ్లీ బిగించాక ఆ అతుకు బట్టల కిందే దాగిపోవాలి. ఎంత నేర్పు కావాలి!

పాతకాలపు మైనపు బొమ్మలు మహా బరువు, పైగా వేడికి కరిగేవి. 1930లలో న్యూయార్క్‌లో శిల్పి లెస్టర్ గాబా ప్లాస్టర్‌తో ‘సింథియా’ అనే బొమ్మను మలిచాడు. సబ్బును చెక్కడంలో ఆరితేరిన చెయ్యి అతనిది. ఆమెను విందులకు వెంట తీసుకెళ్లాడు. 1937లో ‘లైఫ్’ పత్రిక ఆమె ఫొటోలు వేసింది.



1966లో లండన్‌లో ఎడెల్ రూట్‌స్టీన్ సంస్థ మోడల్ ట్విగ్గీ పోలికలతో బొమ్మ చేసింది. మినీ స్కర్టుల కాలానికి తగ్గ ఒడ్డూ పొడుగూ షాపులకు అలా దొరికాయి.