కనుగొన్నాడా, ప్రతిపాదించాడా, నిరూపించాడా? — విజ్ఞాన రచనలో క్రియాపదాల విలువ

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనను గురించి చర్చ వచ్చినప్పుడెల్లా పారిభాషిక పదాల ప్రసక్తే ముందుకు వస్తుంది. ఆమ్లజని అనవలెనా, ఆక్సిజన్ అనవలెనా అని వాదించుకొంటాము. ఈ వాదమంతా నామవాచకాలను గురించినది. క్రియాపదాల విషయంలో అంత శ్రద్ధ కనబడదు. ఒక శాస్త్రజ్ఞుడు కొత్త భావాన్ని లోకం ముందుకు తెచ్చినప్పుడు, ఆయన చేసిన పనిని ఏ క్రియతో చెప్పవలె? మన పాఠాలలో తరచుగా వినిపించే సమాధానం ఒక్కటే: "కనుగొన్నాడు." అదే మాట మళ్లీ మళ్లీ వస్తున్నదని తోచినచోట "కనిపెట్టాడు" అనీ, కొంత గాంభీర్యం కావలసినచోట "ఆవిష్కరించాడు" అనీ మార్చుతాము. అనగా, వీటిని పర్యాయపదాలుగా ఎంచుతున్నామన్న మాట. ఇవి పర్యాయపదాలు కావు. వీటిని కలగాపులగం చేయడం వల్ల విద్యార్థికి కలిగే నష్టం భాషకు సంబంధించినది మాత్రమే కాదు, విజ్ఞానానికి సంబంధించినది కూడా.

గరివిడి చెప్పే పాఠం

విజయనగరం జిల్లాలోని గరివిడి, కోడూరు పరిసరాలు మాంగనీసు ఖనిజానికి పేరుపొందినవి. 19వ శతాబ్దపు చివరి దశకంలోనే, ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల్లో, ఇక్కడ గనులు తవ్వడం మొదలైనది. ఆ తరువాత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన లూయీ లీ ఫెర్మర్ దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నింటినీ పరిశీలించి, 1909లో ఒక బృహద్గ్రంథాన్ని వెలువరించాడు. భూవిజ్ఞానంలోకి గరివిడి పేరు ప్రవేశించినది ఆ కృషి ద్వారానే.

ఇప్పుడు ఈ వాక్యాన్ని చూడండి: "ఫెర్మర్ గరివిడిలో వ్రెడెన్‌బర్గైటు అనే కొత్త ఖనిజాన్ని కనుగొన్నాడు." వినడానికి ఇందులో దోషమేమీ లేదు. కాని ఈ వాక్యం నేర్చుకొన్న విద్యార్థి పై తరగతులకు వెళ్లి, ఈనాటి ఖనిజాల పట్టికలో ఆ పేరును వెదికితే, అది ఒక ఖనిజజాతిగా కనబడదు. అప్పుడు అతడు ఏమనుకోవలె? పాఠమైనా తప్పు, పట్టికయైనా తప్పు అనుకొంటాడు. నిజానికి తప్పు ఆ రెండింటిలోనూ లేదు. "కనుగొన్నాడు" అన్న క్రియలో ఉన్నది.

జరిగినదేమిటి? గరివిడిలోనూ, నాగపూరు ప్రాంతంలోని బెల్డోంగ్రిలోనూ లభించిన, అయస్కాంతగుణం గల ఒక మాంగనీసు ఖనిజాన్ని ఫెర్మర్ వర్ణించాడు. దానిని ఒక కొత్త జాతిగా భావించాడు. తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గు గౌరవార్థం దానికి పేరు పెట్టాడు. తరువాతివారు ఆ ఖనిజపు ముక్కలకు మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద చూడగా, అది ఒకే పదార్థం కాదనీ, హాస్‌మనైటు, జాకబ్సైటు అనే రెండు ఖనిజాల సన్నని అల్లిక అనీ తేలినది. అధిక ఉష్ణోగ్రతలో ఒకటిగా ఉన్న పదార్థం చల్లారేటప్పుడు రెండుగా విడిపోయినదన్న మాట.

వర్ణించాడు, భావించాడు, పేరు పెట్టాడు, తేలినది — ఈ నాలుగు క్రియలతో చెప్పినప్పుడు పాఠమూ నిజమే, పట్టికా నిజమే. ఫెర్మర్ గౌరవానికి లోటు రాలేదు. పైగా శాస్త్రం ఎట్లా ముందుకు సాగుతుందో కూడా విద్యార్థికి తెలిసినది.

కోడూరు పేరుమీద ఏర్పడిన "కోడురైటు" అన్న శిల సంగతీ ఇటువంటిదే. మాంగనీసు గార్నెట్, పొటాష్ ఫెల్‌స్పార్, అపటైటు కలిసిన ఈ శిలకు ఫెర్మర్ పేరు పెట్టాడు. ఇది అగ్నిశిల అని ప్రతిపాదించాడు. శిల ఉన్న మాట వాస్తవం. అది పుట్టిన తీరును గురించిన భావన మాత్రం ప్రతిపాదనే; తరువాతి భూవిజ్ఞానులలో చాలామంది దానిని అంగీకరించలేదు. శిలకూ, దాని పుట్టుకను గురించిన భావనకూ ఒకే క్రియ వాడితే ఈ తేడా మాయమవుతుంది.

మరొక మాట. గరివిడి భూమిలో మాంగనీసు ఉన్నదని ఫెర్మర్ కనుగొనలేదు. ఆయన వచ్చేసరికే గనులు నడుస్తున్నవి. అక్కడ రాళ్లు కొట్టే కూలీలు ఆ నల్లరాతిని రోజూ చేతితో పట్టుకొంటూనే ఉన్నారు. క్రియను అజాగ్రత్తగా వాడితే, ముందువారి పని కూడా తరువాతివారి ఖాతాలో పడుతుంది.

గుంటూరు సూర్యగ్రహణం

మన రాష్ట్రంలోనే మరింత ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. "1868లో జాన్‌సెన్ గుంటూరులో హీలియాన్ని కనుగొన్నాడు" అని తరచుగా వ్రాస్తుంటారు. ఆ సంవత్సరం ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్‌సెన్ గుంటూరు నుంచి సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. అవి వాయుమయాలని గుర్తించాడు. గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూడగల పద్ధతిని కనిపెట్టాడు. కాని కొత్త మూలకాన్ని ఆయన ప్రకటించలేదు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ వర్ణపటంలోని పసుపు రేఖను పరిశీలించి, అది సోడియం రేఖ కాదని నిశ్చయించాడు. అది భూమి మీద అప్పటికి తెలియని మూలకానిది కావచ్చునని ఊహించాడు. సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియం అన్న పేరు వచ్చినది. 1895లో రామ్సే యురేనియం గల ఒక ఖనిజం నుంచి ఆ వాయువును వేరుచేయడంతో ఊహ స్థిరపడినది. ఇరువదియేడు సంవత్సరాల ఈ చరిత్రను "కనుగొన్నాడు" అన్న ఒక్క మాటలో ఇమిడ్చితే మిగిలేది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న మాత్రమే.

ఏ క్రియ ఎక్కడ?

ప్రకృతిలో ముందే ఉండి మనకు తెలియనిదానిని తెలుసుకొంటే "కనుగొనుట". లేని యంత్రాన్నో, పద్ధతినో బుద్ధితో కల్పిస్తే "కనిపెట్టుట". వాడుకలో ఈ రెండూ కలిసిపోతున్నమాట నిజమే. అయినా తరగతిలో ఈ భేదం పాటించడం మేలు. "ఆవిష్కరించుట" అనగా మరుగున ఉన్నదానిని వెల్లడి చేయుట. విగ్రహానికీ గ్రంథానికీ వాడే ఈ మాటను యంత్రానికీ, నియమానికీ, మూలకానికీ ఒకే తీరుగా వాడితే ఏది జరిగినదో తెలియదు.

"ప్రవేశపెట్టుట" సత్యాసత్యాలతో నిమిత్తం లేని క్రియ. మూలకాలకు అక్షర సంకేతాలను బెర్జీలియస్ ప్రవేశపెట్టాడు. సంకేతం సౌకర్యంగా ఉన్నదా లేదా అని అడుగుతాము గాని, నిజమా అబద్ధమా అని అడగము.

"ప్రతిపాదించుట" విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. సంస్కృత శాస్త్రగ్రంథాలలో దీనికి హేతుబద్ధంగా వివరించి స్థాపించుట అని అర్థం. నేటి తెలుగులో అంగీకారం కోసం ముందుంచుట అని అర్థం. ఒకే మాటను ఒకరు రుజువుగానూ, మరొకరు సూచనగానూ తీసుకొనే ప్రమాదమున్నది. కనుక ఈ క్రియ వాడినప్పుడు, ఆ ప్రతిపాదన తరువాత ఏమైనదో మరొక వాక్యంలో చెప్పడం మంచిది. 1912లో వెగెనర్ ఖండాల చలనాన్ని ప్రతిపాదించాడు అని ఆపివేస్తే, అది నేటికీ ఒక అభిప్రాయంగానే ఉన్నదని విద్యార్థి భ్రమపడతాడు. ఖండాలు కదులుతున్నవని తరువాతి కాలపు కొలతలు చూపినవని కూడా చేర్చవలె. రుజువైనదానిని ప్రతిపాదనగా మిగల్చడం, ప్రతిపాదనను రుజువుగా చూపడం — రెండూ దోషాలే.

ఉపాధ్యాయులు "ఎవరు కనుగొన్నారు?" అన్న ప్రశ్నకు బదులు నాలుగు ప్రశ్నలు వేయవచ్చు: ఆయన ఏమి చూశాడు? దానినుంచి ఏమి ఊహించాడు? దానికి ఏ పేరు పెట్టాడు? ఎవరు, ఏ ఆధారంతో దానిని స్థిరపరచారు, లేదా సవరించారు? గరివిడి విద్యార్థి తన ఊరి రాయి విషయంలోనే ఈ ప్రశ్నలు వేసుకోవచ్చును. పారిభాషిక పదకోశాలు నామవాచకాలను సమకూర్చి పెట్టగలవు. సరియైన క్రియను ఎన్నుకొనడం మాత్రం, జరిగినదేమిటో తెలుసుకొన్న రచయితకూ, ఉపాధ్యాయునికీ మాత్రమే సాధ్యమయ్యే పని.