ఫ్యాన్ కట్టేసిందెవరు?

"ఈ అయోడిన్ మందు తాగితే థైరాయిడ్ మామూలవుతుందా, మరీ తగ్గిపోతుందా? ముందే చెప్పలేరాండీ?"

అడిగినావిడ జాకెట్లు కుడుతుంది. గుండెదడ, చేతుల వణుకు. సూదిలో దారం ఎక్కించే పని కూతురిదైపోయింది. కార్బిమజోల్ రెండేళ్లు వాడి ఆపగానే థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు తిరగబెట్టింది.

చెప్పడానికి కొన్ని ఆధారాలున్నాయి. గ్రంథి ఎంత పెద్దది, ఎంత అయోడిన్ పీల్చుకుంటోంది, డోసు ఎంత? గ్రంథి చిన్నదై డోసు పెద్దదైతే తొందరగా చల్లబడుతుంది. గడ్డల వల్ల వచ్చిన జబ్బైతే లెక్క వేరు. గడ్డే అయోడిన్ అంతా లాక్కుంటుంది గనక పక్కనున్న మంచి భాగం చాలావరకు బతికిపోతుంది. గ్రేవ్స్‌లో ఆ వెసులుబాటు లేదు, గ్రంథంతా పీల్చుకుంటుంది.

1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ ఈ వైద్యం మొదలుపెట్టాక, ఎక్కువా తక్కువా కాని డోసు కోసం మావాళ్లు లెక్కలు కట్టని రోజు లేదు. తగ్గిస్తే జబ్బు మిగిలిపోతుంది. సరిగ్గా కుదిరిందనుకున్న వాళ్లలోనూ ఏటా నూటికి ఇద్దరో ముగ్గురో థైరాయిడ్ మరీ తగ్గిపోయి హైపోలోకి జారుతుంటారు. అందుకే ఇప్పుడు గ్రేవ్స్‌కి చాలాచోట్ల 10–15 మిల్లీక్యూరీలు ఇచ్చేసి, గ్రంథి పని ఆగిపోవడమే మేలనుకుంటున్నాం.

ఇదంతా విని ఆవిడ నవ్వింది. "లైనింగు గుడ్డ కత్తిరించేముందే తడిపి ఆరేస్తామండీ. ఎలాగూ కురచయ్యేదేగా!"

నేను అరగంట చెప్పింది అంతే.

ఇక తేలాల్సింది ఎప్పుడన్నదే. అయోడిన్-131 శక్తి ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. దెబ్బతిన్న కణాలు మాత్రం వారాలు, నెలల తరబడి రాలుతుంటాయి. మందు తాగించి ఆరు వారాలకి రమ్మని రాశాను. దసరా గిరాకీలో పడి మూడో నెలకి వచ్చింది, అత్తగారిని వెంటబెట్టుకుని.

థైరాయిడ్ ఎక్కువైతే పిట్యూటరీ తగ్గించేసే టీఎస్‌హెచ్ ఇంకా అట్టడుగునే ఉంది. "జబ్బు తగ్గలేదు సార్" అన్నాడు జూనియర్. నేనూ తలూపబోయాను.

"మొన్నటిదాకా ఫ్యాన్ ఐదులో పెట్టినా ఉక్కపోత అనేది బాబూ. ఇప్పుడు నేను వేస్తే తను కట్టేస్తోంది" అంది పెద్దావిడ.

థైరాయిడ్ హార్మోన్లు ఫ్రీ టీ4, టీ3 చేయించాం. రెండూ కిందే. నెలల తరబడి అణిగిపోయిన పిట్యూటరీ తేరుకోవడానికి టైం పడుతుంది. అది తేరుకునేదాకా టీఎస్‌హెచ్ ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. థైరాక్సిన్ మొదలుపెట్టాను, పరగడుపున, కాఫీకి అరగంట ముందు.

ఆ రోజు నుంచి చీటీ మీద రక్తపరీక్ష తేదీ, దాని పక్కన ఫ్రీ టీ4 అని రాసి గీత గీస్తున్నాను. వెంట వచ్చినవాళ్లని కూడా కూర్చోబెట్టి చెబుతున్నాను: ఫ్యాన్ ఎవరు కట్టేస్తున్నారో కాస్త చూస్తుండండి. తేదీ రాకపోయినా సరే, వెంటనే తీసుకురండి.