వివృత క్వాంటం వ్యవస్థల ఉష్ణగతికశాస్త్రం: పారిభాషిక పదాల్లో లక్షణావృత్తి - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరిసరాలతో శక్తినీ, సమాచారాన్నీ ఇచ్చిపుచ్చుకునే సూక్ష్మవ్యవస్థలను వివృత క్వాంటం వ్యవస్థలు అంటారు. వీటి చలనాన్ని, ఉష్ణగతిక ధర్మాలను వివరించే శాస్త్రంలో 'ఆశయం', 'స్మృతి', 'చెరిపివేత' వంటి మాటలు పారిభాషిక పదాలుగా స్థిరపడ్డాయి. వీటిలో చాలా పదాల వెనుక ఒక సైద్ధాంతిక నిబంధన దాగి ఉంది. పదాన్ని తెలుగు చేసేటప్పుడు ఆ నిబంధన జారిపోతే శాస్త్రార్థం తలకిందులవుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వివృత వ్యవస్థ, లక్షణావృత్తి, ఉష్ణాశయం, స్మృతి, సంబద్ధత, ఎంట్రోపీ, పారిభాషిక పదం.

ఉపోద్ఘాతం:
శాస్త్రభాష అభిధకు, కావ్యభాష లక్షణా వ్యంజనలకు చెందినవని విభజించి చూడడం మనకు అలవాటు. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ఆధునిక భౌతికశాస్త్రం మంచి క్షేత్రం. లక్షణకు ముఖ్యార్థబాధ, ముఖ్యార్థసంబంధం, రూఢి లేదా ప్రయోజనం అనే మూడు హేతువులను మమ్మటుడు కావ్యప్రకాశంలో నిర్దేశించాడు. గంగలో గొల్లపల్లె ఉందన్నప్పుడు ప్రవాహంలో ఊరు ఉండడం అసంభవం కనుక తీరాన్ని గ్రహిస్తాం. ఆ ప్రయోగానికి చల్లదనం, పవిత్రత తోపింపజేయడం ప్రయోజనం. శాస్త్రపదం కూడా మొదట ఒక ప్రయోజనంతోనే పుడుతుంది. వాడగా వాడగా రూఢి అవుతుంది. రూఢి అయ్యాక ఆ ప్రయోజనం మరుగున పడుతుంది. విద్యార్థికి చిక్కు అక్కడే మొదలవుతుంది.

1. 'వివృత' శబ్దం:
ఉష్ణగతికశాస్త్ర పాఠాల్లో వ్యవస్థలు మూడు రకాలు. పదార్థాన్నీ శక్తినీ మార్చుకునేది వివృతం, శక్తిని మాత్రమే మార్చుకునేది సంవృతం, రెండూ మార్చుకోనిది వివిక్తం. మూత లేని పాత్ర, మూత ఉన్న పాత్ర, థర్మాస్ ఫ్లాస్కు ఇందుకు నిత్యోదాహరణలు. క్వాంటం సిద్ధాంతంలో ఈ విభజన యథాతథంగా వర్తించదు. ఒక పరమాణువు చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రంలోకి ఫోటాన్‌ను విడుదల చేసి శక్తిని కోల్పోయినప్పుడు, దానిలోంచి పదార్థం బయటికి పోలేదు. పాత నిర్వచనం ప్రకారం అది సంవృతం కావాలి. క్వాంటం పరిభాషలో అది వివృతమే, ఎందుకంటే అది పరిసరాలతో ముడిపడి ఉంది. వ్యవస్థకు మాత్రమే వర్తించే ష్రోడింగర్ సమీకరణంతో దాని చలనాన్ని వివరించలేము. ఇంటర్మీడియట్‌లో ఒక అర్థంలో నేర్చుకున్న పదాన్ని స్నాతకోత్తర స్థాయిలో హెచ్చరిక లేకుండా మరో అర్థంలో వాడితే, దోషం విద్యార్థిది కాదు, పదకోశానిది.

2. ఆశయం, గట్టు:
'ఉష్ణాశయం' అనే పదం 'జలాశయం' పోలికతో ఏర్పడింది. పెద్ద జలాశయం నుండి కడివెడు నీళ్ళు తోడినా మట్టం మారదు. అలాగే ఎంత ఉష్ణం ఇచ్చినా, పుచ్చుకున్నా ఉష్ణోగ్రత మారనిది ఉష్ణాశయం. ఇది చక్కని లక్షణ. అయితే ఇందులో రెండు నిబంధనలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, ఆశయం వ్యవస్థ కంటే ఎంతో పెద్దది. రెండు, ఆ రెండింటి మధ్య బంధం బలహీనమైనది.

1979లో రాబర్ట్ అలిస్కీ వివృత క్వాంటం వ్యవస్థను ఉష్ణయంత్రంగా విశ్లేషించినప్పుడు, బాహ్యనియంత్రణ వల్ల వ్యవస్థ హామిల్టోనియన్ మారగా కలిగే శక్తిభేదాన్ని పనిగానూ, వ్యవస్థ స్థితి మారగా కలిగే శక్తిభేదాన్ని ఉష్ణంగానూ విడదీశాడు. ఈ విభజన బలహీనబంధంలో స్పష్టంగా నిలుస్తుంది. బంధం బలపడితే వ్యవస్థకూ, పరిసరాలకూ మధ్య ఉన్న అన్యోన్యక్రియా శక్తి వ్యవస్థ శక్తితో పోల్చదగినంత అవుతుంది. దాన్ని ఎవరి ఖాతాలో వేయాలి? రెండు పొలాల మధ్య గట్టు సన్నగా ఉంటే దానిమీది గడ్డి ఎవరిదన్న తగవు రాదు. గట్టే పొలమంత వెడల్పైతే కొలతలు మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే బలమైన బంధంలో ఉష్ణానికి ఒకటికి మించిన నిర్వచనాలు ప్రతిపాదనలో ఉన్నాయి, వాటిపై ఏకాభిప్రాయం లేదు. 'ఆశయం' అనే పదం ఈ తగవును కనబడనివ్వదు.

3. స్మృతి:
1976లో గోరిని, కొస్సకోవ్‌స్కీ, సుదర్శన్ పరిమిత స్థాయిలు గల వ్యవస్థలకూ, అదే సంవత్సరం లిండ్‌బ్లాడ్ విడిగా మరింత విస్తృతమైన గణిత నేపథ్యంలోనూ, వివృత క్వాంటం చలన సమీకరణం యొక్క సాధారణ రూపాన్ని సాధించారు. వీరిలో ఇ.సి.జి. సుదర్శన్ కేరళలో జన్మించిన భారతీయ శాస్త్రజ్ఞుడు. ఈ సమీకరణం వర్ణించే చలనాన్ని 'స్మృతిరహితం' అనడం పరిపాటి.

పరిసరాలకు మనస్సు లేదు కనుక 'స్మృతి'కి ముఖ్యార్థబాధ ఉంది. వ్యవస్థ పరిసరాల్లో వదిలిన జాడ కొంతకాలం నిలవడం లక్ష్యార్థం. అయితే 'రహితం' అనడంతో ఆ జాడ అసలే లేదన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఇది కాలప్రమాణాల పోలిక. వ్యవస్థ మారడానికి పట్టే కాలంతో పోలిస్తే పరిసరాల్లోని జాడ అతిత్వరగా చెరిగిపోతుందని మాత్రమే భావం. ఆ నిబంధన తప్పినప్పుడు పరిసరాల్లోకి వెళ్ళిన సమాచారం కొంత వ్యవస్థకు తిరిగి వస్తుంది. 2009లో బ్రాయర్, లైనె, పీలో ఈ తిరుగురాకను కొలిచే పద్ధతిని ప్రతిపాదించారు.

ఉష్ణగతికశాస్త్రానికి ఇది ముఖ్యం. స్మృతి స్వల్పమై, స్థిరమైన ఉష్ణోగ్రత గల పరిసరాలతో సమతాస్థితి వైపు సాగే చలనంలో ఎంట్రోపీ ఉత్పత్తి రేటు రుణాత్మకం కాదని 1978లో స్పోన్ ఫలితం తెలుపుతుంది. సమాచారం తిరిగివచ్చే సందర్భంలో ఆ రేటు కొంతసేపు రుణాత్మకం కావచ్చు. రెండవ నియమం భంగపడిందని దీని అర్థం కాదు. లెక్కలో పరిసరాలను కూడా చేర్చవలసి ఉందని అర్థం. కనుక 'స్మృతిరహిత' కంటే 'స్వల్పస్మృతి' శాస్త్రార్థానికి దగ్గరి పదం.

4. నాశనమా, వ్యాప్తియా?
కాంతిశాస్త్ర పాఠాల్లో 'సంబద్ధ జనకాలు' అన్నది పరిచితమైన ప్రయోగం. దాన్ని అనుసరించి, పరిసరాల ప్రభావంతో సంబద్ధత పోవడాన్ని 'అసంబద్ధత' అంటే తెలుగు పాఠకునికి 'పొంతనలేనితనం' స్ఫురిస్తుంది. 'సంబద్ధతా నాశనం' అన్నా సరికాదు. వ్యవస్థనూ పరిసరాలనూ కలిపి చూస్తే ఏదీ నశించదు. సంబద్ధత ఆ రెండింటి మధ్య ఏర్పడిన సంబంధాల్లోకి చేరుతుంది. వ్యవస్థను మాత్రమే చూసేవారికి అది అందదు.

ప్యారిస్‌లో సెర్జ్ అరోష్ బృందం 1996లో సూక్ష్మతరంగ కుహరంలో రెండు స్థితుల సంయోగాన్ని సృష్టించి, ఆ సంబద్ధత క్రమంగా తగ్గడాన్ని గమనించింది. రెండు స్థితుల మధ్య అంతరం ఎంత పెరిగితే అది అంత త్వరగా తగ్గింది. అరోష్ 2012లో వైన్‌ల్యాండ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. ఊరంతా పాకిన రహస్యం నశించలేదు, దాన్ని తిరిగి ఒకచోట పోగుచేయడమే అసాధ్యం. కాబట్టి 'సంబద్ధతా విసరణం' అనే పదాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

5. చెరిపివేత:
పై పదాలకు భిన్నమైనది ఇది. ఒక బిట్ సమాచారాన్ని చెరిపితే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రత, 2 యొక్క సహజ సంవర్గమానం అనే మూడింటి లబ్ధానికి తగ్గని ఉష్ణం పరిసరాల్లోకి పోవాలని 1961లో లాండావర్ చెప్పాడు. 300 కెల్విన్ వద్ద అది సుమారు 2.9 × 10⁻²¹ జౌళ్ళు. పలకమీద ఏ అక్షరమున్నా తడిగుడ్డతో తుడిస్తే మిగిలేది ఖాళీ పలకే. ఏ అక్షరం ఉండేదో ఇక తెలియదు. అనేక స్థితులు ఒకే స్థితిగా మారడమే ఇక్కడి ఖర్చుకు మూలం. 1867లో మాక్స్‌వెల్ ఊహించిన 'భూతం' రెండవ నియమాన్ని ఎందుకు జయించలేదో, దాని జ్ఞాపకాన్ని చెరపడానికయ్యే ఈ ఖర్చుతోనే 1982లో బెనెట్ వివరించాడు. 2012లో కాంతి బంధించిన సూక్ష్మకణంతో జరిగిన ప్రయోగంలో, నెమ్మదిగా చెరిపినప్పుడు ఉష్ణం ఈ హద్దును సమీపించింది.

ఇక్కడ ముఖ్యార్థబాధే లేదు. చెరపడం భౌతికక్రియ. దీన్ని అలంకారంగా భావించి, అర్థాన్ని మెత్తబరిచి అనువదిస్తే సిద్ధాంతంలోని బలం పోతుంది. ఏ పదం లాక్షణికమో, ఏది వాచ్యమో తేల్చుకోవడం అనువాదకుని తొలి బాధ్యత.

ముగింపు:
1. వివృత క్వాంటం వ్యవస్థల పరిభాషలో లక్షణావృత్తి అలంకరణగా కాక సిద్ధాంత నిబంధనలకు వాహకంగా ఉంది.
2. సంస్కృత సమానపదాన్ని కూర్చడంతో అనువాదం పూర్తికాదు. నిబంధన కూడా పదంతో పాటు రావాలి.
3. పదకోశంలో ప్రతి ఆరోపానికీ అర్థంతో పాటు 'ఇది ఎప్పుడు వర్తించదు' అన్న ఒక వాక్యం చేర్చడం ఆచరణసాధ్యమైన మార్గం.

ఇంగ్లీషులో ఈ పదాలు ఇప్పటికే రూఢిలో అరిగిపోయాయి. తెలుగులో ఇంకా అరగలేదు. పదాన్ని నిర్మించే దశలోనే దాని ప్రయోజనాన్ని నిలుపుకునే అవకాశం మనకుంది. తెలుగు శాఖలు ఈ పనిని భౌతికశాస్త్ర శాఖలకు వదిలివేయకుండా, వారితో కలిసి కూర్చుని చేయవలసి ఉంది.